చెత్త గుట్ట మూతపడినా లోపలి గ్యాస్ ఆగదు

1986 మార్చి 24. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కౌంటీలో లాస్కో అనే చిన్న ఊరు. ఉదయం ఆరున్నర ప్రాంతంలో అక్కడ ఒక ఇల్లు ఒక్క పేలుడుతో కుప్పకూలింది. లోపలున్న ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. అదృష్టవశాత్తు ప్రాణాలు దక్కాయి.

ఆ పేలుడుకు కారణమైన గ్యాస్ పక్కనే ఉన్న ఒక పాత గొయ్యి నుంచి వచ్చిందని దర్యాప్తులో తేలింది. ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన ఆ గోతిని తర్వాత ఇళ్ల చెత్తతో నింపారు. 1982లో చెత్త వేయడం ఆపేశారు. అంటే పేలుడు జరిగే నాటికి అది మూతపడి నాలుగేళ్లయింది. అయినా లోపల పుడుతున్న గ్యాస్ రాతి పొరల్లోని పగుళ్లను పట్టుకుని ఇంటి నేల కిందికి చేరింది. పేలుడుకు ముందు సుమారు ఏడు గంటల్లో వాతావరణ పీడనం 29 మిల్లీబార్లు పడిపోయింది. పైనుంచి గాలి ఒత్తిడి తగ్గేసరికి నేలలో చిక్కుకున్న గ్యాస్ మామూలు కన్నా ఎక్కువగా పైకి ఎగదన్నింది.

మూసేసిన డంపుల నుంచి వచ్చే గ్యాస్ విషయంలో బ్రిటన్ తన నిబంధనలను, పద్ధతులను మార్చుకోవడానికి ఈ ఘటన ప్రధాన కారణమైంది. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ఇప్పుడు దాన్ని గుర్తు చేసుకోవాల్సిన అవసరం భారత నగరాలకు వచ్చింది.

ముంబయిలో గోరాయ్, హైదరాబాద్‌లో జవహర్‌నగర్ వంటి చోట్ల దశాబ్దాల నాటి చెత్త గుట్టలకు ఇప్పటికే పైకప్పు వేశారు. మరెన్నో నగరాలు పాత డంపులను వదిలించుకునే పనిలో ఉన్నాయి. నల్లటి గుట్ట స్థానంలో పచ్చటి దిబ్బ కనిపించే ఫొటోలు చూసి జనం ఊపిరి పీల్చుకుంటున్నారు. కానీ ఆ గడ్డి కింద ఏం జరుగుతోందో ఫొటో చెప్పదు. దాన్ని చెప్పేది కొలత ఒక్కటే. మూసేసిన డంపు క్షేమంగా ఉందో లేదో తేలేది కప్పిన రోజున కాదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి తీసుకునే రీడింగుల్లో.

మూసేశాక కూడా గ్యాస్ ఎందుకు వస్తుంది?

చెత్త కుప్పలో అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు, కాగితం వంటివి కుళ్లుతూ ఉంటాయి. మొదట్లో గాలి అందినంతసేపు ఆక్సిజన్‌తో బతికే సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. పైన కొత్త చెత్త పడేకొద్దీ అడుగున గాలి అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు రంగంలోకి దిగుతాయి. అవి చెత్తను ముందు ఆమ్లాలుగా, తర్వాత మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లుగా మారుస్తాయి. ఈ దశ స్థిరపడ్డాక వచ్చే గ్యాస్‌లో సుమారు సగం మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. వీటితోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్, రకరకాల ఆవిరి రసాయనాలు కొద్దికొద్దిగా కలిసి ఉంటాయి. డంపు దగ్గర ముక్కు మూసుకునేలా చేసే కంపు ఈ కొద్దిపాటి వాయువులదే. మీథేన్‌కు అసలు వాసనే లేదు.

గేటుకు తాళం వేసినంత మాత్రాన ఈ సూక్ష్మజీవులు పని మానవు. కుళ్లే పదార్థం, తేమ ఉన్నంతకాలం గ్యాస్ వస్తూనే ఉంటుంది. భారత నగరాల చెత్తలో వంటింటి తడి చెత్త పాలు ఎక్కువ. అందువల్ల గ్యాస్ తొందరగా మొదలై తొందరగా తారస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత తగ్గుతుంది గానీ, కాగితం, కర్ర, గుడ్డలాంటివి నిదానంగా కుళ్లుతూ దశాబ్దాల పాటు సన్నటి ధారను కొనసాగిస్తాయి.

కప్పు వేస్తే దారి మారుతుంది

తెరిచి ఉన్న గుట్టలో గ్యాస్ ఎక్కువ భాగం నేరుగా ఆకాశంలోకి పోతుంది. అది వాతావరణానికి చేటే. వేడి పెంచడంలో మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లకు పైగా శక్తిమంతమైనది. అయితే పక్కింటికి మాత్రం దానివల్ల పేలుడు భయం తక్కువ.

కప్పు వేశాక లెక్క మారుతుంది. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు మూసే డంపుపై మూడు పొరలు ఉండాలన్నాయి. నీళ్లు దాదాపు చొరబడని 60 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద నీరు జారిపోయేందుకు 15 సెంటీమీటర్ల పొర, ఆపైన మొక్కలు పెరగడానికి 45 సెంటీమీటర్ల మట్టి. చాలాచోట్ల మందపాటి ప్లాస్టిక్ షీటు కూడా పరుస్తారు. వాన నీరు లోపలికి దిగకుండా, చెత్త నుంచి ఊరే మురుగు ద్రవం పెరగకుండా చూడటం దీని ఉద్దేశం. కానీ నీటిని లోపలికి రానివ్వని కప్పు గ్యాస్‌ను బయటికీ పోనివ్వదు. పైదారి మూసుకుపోతే గ్యాస్ పక్కదారి వెతుక్కుంటుంది.

ఆ పక్కదారులు చాలానే ఉంటాయి. ఇసుక పొరలు, రాతి పగుళ్లు, పాత బావులు, బోర్లు, మురుగు పైపుల చుట్టూ వదులుగా నింపిన మట్టి, కరెంటు కేబుళ్లు వేసిన గొట్టాలు, ఇవన్నీ గ్యాస్‌కు బాటలే. భారతీయ డంపుల్లో ఎక్కువ భాగం అడుగున ఏ పొరా వేయకుండా పోసినవే కాబట్టి కిందా పక్కలా అడ్డు లేదు. వర్షాకాలంలో పైమట్టి నానిపోయి రంధ్రాలు మూసుకుంటే గ్యాస్ ఇంకా దూరం పక్కకు పోతుంది. భూగర్భ నీటిమట్టం పెరిగితే నేల సందుల్లోని గ్యాస్‌ను అది పైకి నెడుతుంది. ఎండాకాలంలో బంకమట్టి నెర్రెలిస్తే కప్పులోంచే లీకవుతుంది. ఒకే స్థలంలో ఏడాదికి మూడు కాలాల్లో మూడు దారులు.

ప్రమాదం ఎన్ని రకాలు?

మొదటిది పేలుడు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. అంతకన్నా తక్కువైతే అంటుకోదు. ఎక్కువైతే మండటానికి ఆక్సిజన్ చాలదు. అలాగని 40 శాతం మీథేన్ ఉన్న పైపు క్షేమమని కాదు. అది బయటి గాలిలో కలిసి పలుచబడే క్రమంలో ఎక్కడో ఒకచోట ఆ ప్రమాదకర పరిధిని దాటి తీరుతుంది. ఆరుబయట గ్యాస్ చెదిరిపోతుంది. సెల్లార్, సంపు, మీటర్ల గది, తలుపు మూసి ఉంచే స్టోర్‌రూమ్ వంటి చోట్ల పోగుపడుతుంది.

రెండోది ఊపిరాడకపోవడం. కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువు. గుంతల్లో, మ్యాన్‌హోళ్లలో అడుగున పేరుకుంటుంది. మూసేసిన డంపులో మురుగు ద్రవం తోడే బావిలోకి కొలవకుండా దిగే కార్మికుడికి ఎదురయ్యే మొదటి ముప్పు పేలుడు కాదు, ఆక్సిజన్ లేకపోవడం.

మూడోది నిదానంగా జరిగే నష్టం. హైడ్రోజన్ సల్ఫైడ్ రాగి, వెండి భాగాలను నల్లబరిచి తినేస్తుంది. ముంబయి మలాడ్‌లో పాత డంపు స్థలంపై కార్యాలయ భవనాలు వెలిశాక, అక్కడి కంప్యూటర్లు, ఏసీలు మాటిమాటికీ పాడవుతున్నాయన్న ఫిర్యాదులు వార్తలకెక్కాయి. నేలలోంచి వచ్చే వాయువుల మీదే అనుమానం పోయింది. మొక్కల వేళ్లకు ఆక్సిజన్ అందకుండా గ్యాస్ అడ్డుపడితే, పైన నాటిన గడ్డి, చెట్లు అక్కడక్కడ మచ్చల్లా ఎండిపోతాయి. చూడటం తెలిసినవారికి అదొక హెచ్చరిక.

నాలుగోది మంట. 2016 జనవరిలో ముంబయి దేవ్‌నార్, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ భల్స్‌వా, 2023 మార్చిలో కొచ్చి బ్రహ్మపురం, 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ గాజీపూర్ గుట్టలు అంటుకున్న తీరు దేశమంతా చూసింది. అవి తెరిచి ఉన్న గుట్టలు. కానీ మూసేసిన చోట కూడా లోపల నిప్పు రాజుకోవచ్చు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని బ్రిడ్జ్‌టన్ ల్యాండ్‌ఫిల్‌లో చెత్త వేయడం 2004లో ఆగిపోయింది. ఆరేళ్ల తర్వాత, 2010 చివర్లో, లోపల అసాధారణమైన వేడి బయటపడింది. మంట కనిపించకుండానే ఆ సెగ ఏళ్లపాటు సాగింది. కంపు భరించలేక చుట్టుపక్కలవారు పోరాడాల్సి వచ్చింది.

ఎక్కడ కొలవాలి, ఎప్పుడు కొలవాలి?

గ్యాస్ పర్యవేక్షణ అంటే గుట్ట మీద మీటరు పట్టుకుని తిరగడం ఒక్కటే కాదు. ముఖ్యమైన కొలత చెత్త అంచుకూ జనావాసాలకూ మధ్యనున్న మట్టిలో జరగాలి. అక్కడ బోరు వేసి, కింది భాగంలో రంధ్రాలున్న సన్నటి పైపు దించి, చుట్టూ కంకర పోసి, పైన బంకమట్టితో బిగించి, మూతకు చిన్న కుళాయి పెడతారు. దీన్ని ప్రోబ్ అంటారు. చెత్త ఎంత లోతుందో కనీసం అంత లోతు వరకు వేర్వేరు మట్టాల్లో ఇవి ఉండాలి. ఇళ్లు దగ్గరగా ఉన్న వైపు, రాయి పగుళ్లున్న వైపు ప్రోబ్‌ల మధ్య దూరం తగ్గించాలి. చెత్త లోపలే ప్రోబ్ వేసి మీథేన్ ఉందని చెప్పడంలో వింత లేదు. బయట ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ప్రతి ప్రోబ్‌లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ శాతాలు, గ్యాస్ పీడనం, నీటిమట్టం చూస్తారు. వీటిని కలిపి చదివితేనే కథ అర్థమవుతుంది. మీథేన్ సున్నా, కార్బన్ డయాక్సైడ్ 12 శాతం, ఆక్సిజన్ 3 శాతం అని ఒక ప్రోబ్ చూపిందనుకుందాం. మీథేన్ లేదని సంతోషిస్తే పొరపాటే. మట్టిలోని కొన్ని బ్యాక్టీరియాలు మీథేన్‌ను తిని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. అంటే గ్యాస్ అక్కడిదాకా వచ్చి ఉండవచ్చు, దారిలో మట్టి దాన్ని శుద్ధి చేసి ఉండవచ్చు. గ్యాస్ రాక పెరిగితే ఆ మట్టి శక్తి చాలదు. అలాగే ప్రోబ్ నీటిలో మునిగి ఉంటే వచ్చే సున్నాకు విలువ లేదు. రంధ్రాలు నీటి కింద ఉన్నప్పుడు గ్యాస్ పైపులోకి ఎలా వస్తుంది?

కొలిచే సమయం కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. లాస్కోలో పీడనం పడిపోయిన రాత్రే గ్యాస్ పైకొచ్చింది. భారత్ వంటి ఉష్ణమండల ప్రాంతాల్లో వాతావరణ పీడనం రోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది గంటల ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఆఫీసు తెరవగానే, పీడనం ఎక్కువగా ఉన్న ఉదయం వేళే ఎప్పుడూ రీడింగ్ తీసుకుంటే, గ్యాస్ లోపలికి అణిగి ఉన్నప్పుడే కొలిచినట్టు. పీడనం పడిపోతున్న మధ్యాహ్నం వేళ, ముఖ్యంగా బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి పీడనం తగ్గుతున్న రోజుల్లో తీసిన రీడింగులు అసలు పరిస్థితికి దగ్గరగా ఉంటాయి. అందుకే నమ్మదగిన ఏ నివేదికలోనైనా గ్యాస్ శాతం పక్కన ఆ రోజు, ఆ గంట, పీడనం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది రాసి ఉంటుంది.

ఇప్పుడు ఉపగ్రహాలు కూడా మీథేన్‌ను పసిగడుతున్నాయి. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఢిల్లీ, ముంబయి, లాహోర్, బ్యూనస్ ఎయిర్స్ నగరాల డంపులను అంతరిక్షం నుంచి కొలిచింది. ముంబయిలోని స్థలం నుంచి గంటకు 10 టన్నులకు దగ్గరగా మీథేన్ వెలువడుతోందని అంచనా కట్టింది. నగరం మొత్తం మీద ఎక్కడ దృష్టి పెట్టాలో చెప్పడానికి ఇది గొప్ప సాధనం. కానీ ఒక ఇంటి సెల్లార్‌లోకి గ్యాస్ వస్తోందో లేదో ఉపగ్రహం చెప్పలేదు. అది ప్రోబ్ పని.

లాగడంలోనే ఒడుపు

గ్యాస్‌ను అదుపు చేయడానికి మూలసూత్రం తేలిక. అది తనంతట తాను దారి వెతుక్కునే ముందే మనం ఒక దారి చూపాలి. గుట్టలోకి నిలువుగా బావులు తవ్వుతారు. సాధారణంగా చెత్త లోతులో ముప్పాతిక వంతు వరకు ఇవి దిగుతాయి. రంధ్రాలున్న పైపులు దించి, వాటన్నిటినీ పెద్ద పైపుకు కలిపి, చివర బ్లోయర్ పెట్టి పీలుస్తారు. వచ్చిన గ్యాస్‌ను కాల్చేయడమో, ఇంజన్‌కు ఇచ్చి కరెంటు తీయడమో, శుద్ధి చేసి ఇంధనంగా వాడటమో చేస్తారు. కాల్చే పరికరాన్ని ఫ్లేర్ అంటారు. మీథేన్ మండితే కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది కాబట్టి వాతావరణానికి జరిగే హాని చాలా తగ్గుతుంది.

కష్టమంతా ఎంత గట్టిగా లాగాలన్న దగ్గర ఉంది. తక్కువ లాగితే గ్యాస్ పక్కలకు పోతుంది. ఎక్కువ లాగితే కప్పులోని సందుల నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. గాలితో ఆక్సిజన్ వస్తుంది, మీథేన్ పుట్టడం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, చివరికి లోపల నిప్పు రాజుకోవచ్చు. అందుకే ప్రతి బావికీ ఒక వాల్వ్ ఉంటుంది. టెక్నీషియన్ ఒక్కో బావి దగ్గరా మీథేన్, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీడనం చూసి ఆ వాల్వ్‌ను కొద్దికొద్దిగా తిప్పి సరిచేస్తాడు. ఈరోజు సరిపోయింది వచ్చే నెల సరిపోదు. ఆక్సిజన్ 5 శాతం దాటినా, ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటినా ఆ బావిని అనుమానంతో చూస్తారు. కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంటే లోపల ఏదో కాలుతోందన్న సూచన.

మరో జాడ నైట్రోజన్. గాలిలో ఆక్సిజన్‌కు దాదాపు నాలుగు రెట్లు నైట్రోజన్ ఉంటుంది. బావి నుంచి వచ్చే గ్యాస్‌లో ఆక్సిజన్ కనిపించక, నైట్రోజన్ మాత్రం ఎక్కువగా ఉంటే అర్థం ఒక్కటే. గాలి లోపలికి వచ్చింది, దానిలోని ఆక్సిజన్‌ను చెత్త తినేసింది. అంటే ఆ బావిని మోతాదు మించి లాగుతున్నారు.

పైపులకూ చిక్కులున్నాయి. గుట్ట లోపల గ్యాస్ వెచ్చగా, తేమగా ఉంటుంది. పైపులోకి వచ్చి చల్లబడగానే నీరు దిగుతుంది. పైపు సరైన వాలులో ఉంటే ఆ నీరు జారిపోతుంది. కానీ కుళ్లేకొద్దీ గుట్ట ఒకేలా కుంగదు. ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ కుంగుతుంది. పైపు మధ్యలో పల్లం పడి అక్కడ నీరు నిలిస్తే అవతలున్న బావులన్నీ పనిచేయడం మానేస్తాయి. పైనుంచి చూస్తే ఫ్లేర్ మండుతూనే ఉంటుంది. కానీ గుట్టలో ఒక భాగం నుంచి గ్యాస్ రావడమే ఉండదు. బావుల్లోకి మురుగు ద్రవం చేరినా ఇదే జరుగుతుంది. గ్యాస్ పని సగం నీటి పనే అని అనుభవజ్ఞులు అనేది ఇందుకే.

గ్యాస్ మరీ తక్కువైపోయిన పాత గుట్టల్లో బ్లోయర్ అవసరం ఉండకపోవచ్చు. కంపోస్టు పొర పరిచి, అందులోని బ్యాక్టీరియాతోనే మిగిలిన మీథేన్‌ను అరిగించవచ్చు. ఇళ్ల వైపు సరిహద్దులో లోతైన కందకం తవ్వి, కంకర నింపి, ఒక పక్క ప్లాస్టిక్ గోడ పెట్టి గ్యాస్‌ను పైకి మళ్లించవచ్చు. ఏది సరిపోతుందో చెప్పాల్సింది మళ్లీ కొలతే.

గోరాయ్ నేర్పిన లెక్క

ముంబయి పశ్చిమ శివారులో, గోరాయ్ క్రీక్ ఒడ్డున 1972 నుంచి చెత్త పోశారు. సుమారు 20 హెక్టార్లలో 20 లక్షల టన్నులకు పైగా పేరుకున్న ఆ గుట్టను 2007లో మూసివేసి, 2009 నాటికి శాస్త్రీయంగా కప్పారు. బావులు తవ్వి, గ్యాస్‌ను ఫ్లేర్‌కు కలిపారు. కాల్చిన మీథేన్‌కు కార్బన్ క్రెడిట్లు వస్తాయన్నది ప్రణాళికలో కీలక భాగం. ఆసియా అభివృద్ధి బ్యాంకు నిర్వహించే కార్బన్ నిధి రాబోయే క్రెడిట్లకు ముందే డబ్బు ఇచ్చింది. ఆ రోజుల్లో ఇది దేశానికే నమూనాగా నిలిచింది.

తీరా చూస్తే అనుకున్నంత గ్యాస్ రాలేదు. అంచనా సూత్రాలు చెప్పేదొకటి, గుట్ట ఇచ్చేదొకటి. ఈ సూత్రాల్లో చాలావరకు చల్లటి దేశాల్లో, కట్టుదిట్టంగా నింపిన ల్యాండ్‌ఫిల్‌ల అనుభవం నుంచి వచ్చినవి. భారతీయ డంపులో తడి చెత్త మూసేలోపే చాలావరకు కుళ్లిపోయి గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. చెత్తలో కలిసిన మట్టి, ఇళ్ల శిథిలాలు గ్యాస్ ఇవ్వవు. మధ్యమధ్య అంటుకున్న మంటలు మిగిలినదాన్ని కాల్చేసి ఉంటాయి. 2012 తర్వాత అంతర్జాతీయంగా కార్బన్ క్రెడిట్ల ధర కూడా పడిపోయింది.

దీని నుంచి నేర్చుకోవాల్సింది గోరాయ్‌ను కప్పడం తప్పన్న మాట కాదు. కంపు, మంటలు, పొగ తగ్గడం అక్కడి ప్రజలకు నిజమైన మేలు. నేర్చుకోవాల్సింది వేరు. గ్యాస్ అమ్మిన డబ్బుతోనే గ్యాస్ కాపలా నడుస్తుందనుకోకూడదు. ఇంజన్‌కు చాలనంత తక్కువైన గ్యాస్ కూడా ఒక సెల్లార్‌కు ఎక్కువే. ఆదాయం ఆగిపోయిన రోజు నుంచే నిర్లక్ష్యం మొదలవుతుంది, ప్రమాదం మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది.

జవహర్‌నగర్ ముందున్న పరీక్ష

హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ గుట్ట గోరాయ్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది. వంద ఎకరాలకు పైగా పరుచుకున్న, సుమారు 120 లక్షల టన్నుల పాత చెత్తను ఇటీవలి ఏళ్లలో కప్పారు. లోపలి గ్యాస్‌ను తోడి, శుద్ధి చేసి, వాహన ఇంధనంగా మార్చే ప్లాంటు కూడా అక్కడ వచ్చింది. గ్యాస్‌ను ఊరికే కాల్చేయకుండా వాడుకోవడం మంచి అడుగే.

అయితే జవహర్‌నగర్, దమ్మాయిగూడ పరిసర కాలనీల ప్రజలు ఇన్నేళ్లుగా చెబుతున్నది కంపు గురించి, మల్కారం చెరువును నల్లబరిచిన మురుగు ద్రవం గురించి. గ్యాస్ నేల లోపలి ప్రయాణం గురించి పెద్దగా మాట వినిపించదు. హైదరాబాద్ నేల గ్రానైట్. పైన వదులైన మొరం, దాని కింద పగుళ్లున్న రాయి, కాలనీ కాలనీకీ లెక్కలేనన్ని బోర్లు, వాటిలో ఎండిపోయి వదిలేసినవి ఎన్నో. ఇవి గ్యాస్ కదలడానికి వీలున్న దారులు. అవి నిజంగా గ్యాస్‌ను మోస్తున్నాయా, లేదా అన్నది ఊహించి చెప్పకూడదు. కప్పు బయట, ఇళ్ల వైపున్న ప్రోబ్‌లు ఏం చూపుతున్నాయో దాన్నిబట్టే చెప్పాలి. భయపెట్టడానికైనా, భరోసా ఇవ్వడానికైనా ఆధారం అదొక్కటే.

తవ్వి తీసేస్తే సమస్య తీరదా?

కప్పడానికి బదులు పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి, మట్టి, ప్లాస్టిక్, రాళ్లు వేరుచేసి తరలించే పద్ధతిని బయోమైనింగ్ అంటారు. ఇండోర్ ఇలా తన పాత గుట్టను ఖాళీ చేసి పేరు తెచ్చుకుంది. 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ ఈ మార్గానికే ప్రాధాన్యం ఇచ్చింది. చెత్తను తిరగేస్తే గాలి తగిలి మీథేన్ పుట్టడం ఆగిపోతుంది. స్థలమూ తిరిగి దక్కుతుంది.

కానీ తవ్వేటప్పుడు లోపల చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారిగా బయటపడుతుంది. వేడెక్కిన చెత్తకు గాలి తగిలితే మంట పుట్టవచ్చు. పొక్లెయిన్ నడిపేవారి దగ్గర గ్యాస్ డిటెక్టర్ ఉండాలి. సగం తవ్వి కాంట్రాక్టరు వెళ్లిపోతే మిగిలిన సగం తెరిచిన పుండులా ఉంటుంది. తవ్విన స్థలంలో వెంటనే అపార్టుమెంట్లు కట్టాలన్న ఆశ ఉన్నప్పుడు, అడుగున చెత్త మిగల్లేదని రీడింగులతో రుజువు కావాలి. పార్కుగా వదిలేయడం క్షేమమైన మార్గం. అక్కడ కూడా మూసిన గదులు కట్టకూడదు.

2016 నిబంధనలు ఏమన్నాయి? ఖర్చు ఎవరిది?

2016 నిబంధనలు గ్యాస్ గురించి స్పష్టంగానే మాట్లాడాయి. గ్యాస్ సేకరణ వ్యవస్థ ఉండాలి, స్థలం బయటికి గ్యాస్ వలస పోకూడదు, మీథేన్ పేలుడు కనీస పరిమితిలో పాతిక శాతం దాటకూడదు అన్నాయి. ఆ పరిమితి 5 శాతం కాబట్టి, దాటకూడని అంకె 1.25 శాతం. సేకరించిన గ్యాస్‌ను వాడాలి, వీలుకాకపోతే కాల్చాలి. ఆ రెండూ సాధ్యం కానప్పుడు మాత్రమే పైపుల ద్వారా గాలిలోకి వదలవచ్చు. మూసిన తర్వాత కనీసం 15 ఏళ్లు సంరక్షణ కొనసాగాలని ఆ నిబంధనలు చెప్పాయి.

అమెరికాలో పురపాలక ల్యాండ్‌ఫిల్‌లకు ఆ గడువు 30 ఏళ్లు. అక్కడ స్థలంలోని భవనాల్లో 1.25 శాతం, సరిహద్దులో 5 శాతం దాటకూడదని వేర్వేరు హద్దులు పెట్టారు. కనీసం మూడు నెలలకోసారి కొలవాలని చెప్పారు. హద్దు దాటితే వెంటనే ప్రజల రక్షణకు చర్య తీసుకోవాలి, వారంలోగా దాన్ని రికార్డుల్లో చేర్చాలి, 60 రోజుల్లోగా దిద్దుబాటు ప్రణాళిక అమలుకు రావాలి. అంకె ఒక్కటే సరిపోదు. ఎక్కడ కొలవాలి, ఎన్ని రోజులకోసారి, దాటితే ఎవరు ఏం చేయాలి అన్నవి దాని వెంట ఉంటేనే ఆ అంకెకు బలం.

నగరపాలక సంస్థల బడ్జెట్లలో కప్పు వేయడానికి నిధులు దొరుకుతాయి. ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పదకొండో ఏట కుంగిన పైపును లేపి సరిచేయడానికి, పాడైన మీటరు మార్చడానికి, టెక్నీషియన్‌కు జీతం ఇవ్వడానికి డబ్బు అడిగితే ఏ పద్దులో వేయాలన్న ప్రశ్న వస్తుంది. మూసివేత ఒప్పందం రాసేటప్పుడే ఈ ఖర్చును విడిగా డిపాజిట్ చేయించడం తప్ప దీనికి మరో మందు లేదు. 15 ఏళ్లు నిండగానే తాళాలు అప్పగించి వెళ్లిపోవడం కాదు, ఆ రోజున గ్యాస్ ఎంత ఉందో చూసి ఆపాలో కొనసాగించాలో తేల్చాలి.

పక్కన ఉండేవారు అడగాల్సినవి

మూసేసిన డంపు పక్కన ఉండే కాలనీ సంఘం అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. మన వైపు సరిహద్దులో ప్రోబ్‌లు ఎన్ని ఉన్నాయి, ఎంత లోతున ఉన్నాయి? చివరిసారి ఎప్పుడు, ఏ వేళ కొలిచారు? మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ మూడూ ఎంత ఉన్నాయి? 1.25 శాతం దాటితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? నగరపాలక సంస్థకూ, కాలుష్య నియంత్రణ మండలికీ ఈ సమాచారం కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. అడిగితే ఇవ్వడం కన్నా, ప్రతి నెలా గేటు దగ్గర బోర్డు మీద రాయడం మేలు.

ఇంటి స్థాయిలో గమనించాల్సినవీ ఉన్నాయి. వదిలేసిన బోరు నుంచి బుసబుసమని గాలి రావడం, కాలనీ పార్కులో కారణం లేకుండా గడ్డి మచ్చలుగా ఎండిపోవడం, సెల్లార్‌లో కుళ్లిన గుడ్ల వాసన, వాన వెలిసిన తర్వాత నేలపై నిలిచిన నీటిలో బుడగలు. ఇవి కనిపిస్తే అగ్గిపుల్ల గీసి పరీక్షించకూడదు. స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికొచ్చి, అగ్నిమాపక శాఖకు చెప్పాలి. వాసన లేకపోతే ప్రమాదం లేదనీ అనుకోకూడదు. మట్టిలోంచి సాగివచ్చేటప్పుడు వాసన వాయువులు మట్టికే అంటుకుని, వాసన లేని మీథేన్ ఒక్కటే ఇంటికి చేరవచ్చు.

లాస్కోలో ఆ ఇంటికీ గోతికీ మధ్య సరైన చోట నాలుగు ప్రోబ్‌లు ఉండి, వాటిని చదివే మనిషి ఉంటే ఆ ఉదయం మరోలా తెల్లవారేది. జవహర్‌నగర్ కాలనీల వైపు అలాంటి ప్రోబ్‌లు ఎన్ని ఉన్నాయో, నిన్న మధ్యాహ్నం అవి ఏం చూపాయో చెప్పగలిగిన రోజునే ఆ గుట్ట నిజంగా మూతపడినట్టు.